రెండు పూటలా మందు

ఆ వేసవిలో మా బాల్కనీలోని ముద్దమందారానికి వద్దంటే మందు పడింది. మా మామయ్య కంట్లో మాత్రం నలభై ఎనిమిది రోజుల పాటు ఒక్క చుక్క పడలేదు. తప్పెవరిదని ఎవరైనా అడిగితే నేను ముందు మా ఆయన వైపు చూస్తాను, ఆ తర్వాత నన్ను నేను చూసుకుంటాను. మామయ్య వైపు చూడడానికి ఇప్పటికీ మనసొప్పదు.

అప్పటికి మా పెళ్లయి ఆరు నెలలు. నేను ఒక స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునేదాన్ని. సీసాలు కడగడం, ద్రావణాలు కలపడం, పిల్లలు చేతులు కాల్చుకోకుండా చూడడం నా ఉద్యోగం. మా ఆయన బస్సు డ్రైవరు. మామయ్యకి వీధి మలుపులో వాచీలు బాగుచేసే కొట్టు ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే కొట్టు. కుడికంటికి చిన్న భూతద్దం బిగించుకుని, ఎడమకన్ను మూసి, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగుని ఎత్తి పెడుతుంటే వాచీ ఇచ్చినవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి చూసేవారు.

ఆ కుడికంట్లోనే జబ్బు ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరం కొద్దికొద్దిగా ఎండిపోయే జబ్బు. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. రెండు పూటలా చుక్కల మందు వేస్తే ఉన్న చూపు నిలబడుతుంది. మానేస్తే పోయిన చూపు తిరిగి రాదు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. వాచీలు బాగుచేసేవాడి కన్ను బాగాలేదని బయటికి పొక్కితే కొట్టు మెట్లు ఎవరు ఎక్కుతారని మామయ్య బెంగ. అందుకని పొద్దున స్నానం కాగానే ఒకసారి, సాయంత్రం కొట్టు నుంచి రాగానే ఒకసారి అత్తయ్య గది తలుపు దగ్గరికి వేసి ఆయన కంట్లో మందు వేసేది. మొగుడూ పెళ్లాలు ఏదో మాట్లాడుకుంటున్నారని నేను అటు వెళ్లేదాన్ని కాదు.

ఇక మందారం. అది అత్తయ్య ప్రాణం. నడుమెత్తు తొట్టిలో, ఎండ బాగా తగిలే మూల, నారింజ రంగు పువ్వులతో నిండుగా ఉండేది. దాన్ని ఆవిడ దొరగారు అని పిలిచేది. "దొరగారికి ఇవాళ ఆకలేస్తోంది," "దొరగారు అలిగారు, మొగ్గలు రాల్చేశారు," ఇలా ఉండేది వరస. మామయ్య ఆ మాటలు విని, "నేనడిగితే మాత్రం కాసేపు ఆగమంటుంది," అని గొణుక్కునేవారు.

స్కూలుకి సెలవులు ఇచ్చిన మర్నాడు అత్తయ్య మా ఆడపడుచు పురిటికని ప్రయాణమైంది. ఆమె ఉండేది పగలంతా రైలెక్కి కూర్చోవాల్సినంత దూరం. బయల్దేరే ముందు నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లింది.

"ముందు నీళ్లు పొయ్యి. తడి మట్టిలోనే మందు పడాలి, పొడి మట్టిలో పడితే వేళ్లు కాలిపోతాయి. వారానికి ఒక్క చెంచా, బకెట్టు నీళ్లలో కలుపు. పువ్వులు తగ్గాయని ఎక్కువ వేశావనుకో, ఇక ఆకులు చూసుకుంటూ కూర్చోవాలి."

"అలాగే అత్తయ్యా."

ఇంకేదో చెప్పబోయి హాల్లోకి చూసింది. మామయ్య అక్కడే కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నారు. చెప్పబోయిన మాట ఆపేసి, "మిగతావి వాడికి చెప్పాలే," అంది. వాడంటే తన కొడుకు. ఆ మిగతావి ఏంటో అప్పుడే అడిగి ఉండాల్సింది. కొత్త కోడలిని, గుచ్చిగుచ్చి అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

మా ఆయన వాళ్లమ్మని రైలెక్కించి వచ్చి, భోజనానికి కూర్చున్నాడు.

"అమ్మ మందు సంగతి నిన్ను చూసుకోమంది," అన్నాడు.

"నాకూ చెప్పింది. వారానికోసారి."

"వారానికోసారి ఏంటి? రెండు పూటలా. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఒక్క పూట కూడా తప్పకూడదని మూడుసార్లు చెప్పింది."

"నాతో బాల్కనీలో నిలబెట్టి మరీ వారానికోసారి అంది."

"నాకు తెలిసింది నేను చెప్పాను. ఇంకా ఏదో అంది, గుర్తొస్తే చెప్తాను. కొంచెం మజ్జిగ పొయ్యి."

మా ఆయన కబురు మోస్తే సగం దారిలోనే జారిపోతుంది. ఆ రోజు జారిపోయిన సగంలో మామయ్య కన్ను ఉంది. మందు అనే మాట మాత్రం భద్రంగా ఇంటికి చేరింది. మొక్కకి వేసేదీ మందే, కంట్లో వేసేదీ మందే. నాకు తెలిసిన మందు బాల్కనీలో, నీలం రంగు పొడి రూపంలో ఉంది.

ల్యాబు మనిషిని కదా, వారానికి ఒక చెంచానా రెండు పూటలా అనే చిక్కుముడి నాకో లెక్కలా కనిపించింది. వారానికి పద్నాలుగు పూటలు. చెంచా పొడిని పద్నాలుగు వందల మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి సీసాలో పోసుకున్నాను. పూటకి వంద చొప్పున కొలజాడీతో కొలిచి, ముందు మామూలు నీళ్లు పోసి, ఆపైన ఇది పోసేదాన్ని. తల్లీకొడుకుల మాట రెండూ నెగ్గించానని నాలో నేనే మురిసిపోయాను. అంత తెలివి ఉపయోగించి అంత తెలివితక్కువ పని చేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి.

అత్తయ్య రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. చుట్టూ వియ్యాలవారి జనం ఉండడంతో పొడిపొడిగా మాట్లాడేది.

"మందు వేస్తున్నావా?"

"రెండు పూటలా వేస్తున్నాను అత్తయ్యా."

"మా తల్లే. మొండికేస్తారు, వినకు. బతిమాలుతూ కూర్చుంటే కుదరదు, వేసెయ్యడమే."

దొరగారు మొండికెయ్యడమంటే మొగ్గలు రాల్చడమని నేను అర్థం చేసుకున్నాను. "ఏం మొండికెయ్యడం లేదు, బుద్ధిగా ఉన్నారు," అన్నాను. అటువైపు నుంచి అత్తయ్య నవ్వింది. "నా దగ్గర లేని బుద్ధి నీ దగ్గర వచ్చిందన్నమాట," అంది.

సాయంత్రాలు మామయ్య కొట్టు నుంచి వచ్చాక ఆయనతో మాట్లాడేది. నేను వంటింట్లోంచి వినేదాన్ని. "ఆ, వేశాను. ఇప్పుడే వేశాను. నువ్వు దాని సంగతి చూడు, ఇక్కడ అంతా బాగానే ఉంది," అనేవారు. నేను కొలిచి మరీ పోస్తుంటే ఈయన వేశానంటారేంటి అని నవ్వుకున్నాను. పోనీలే, పెద్దాయన, కోడలి పనిని తన ఖాతాలో వేసుకుంటే నాకు పోయేదేముంది అనుకున్నాను.

నాలుగో వారంలో దొరగారి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఐదో వారంలో మొగ్గలు విచ్చకుండానే రాలడం మొదలైంది. ఆరో వారానికి మట్టి మీద తెల్లటి పొర కట్టింది. గోటితో గీకి చూశాను. ల్యాబులో నీళ్లు ఇగిరాక గాజు పళ్లెం మీద మిగిలే ఉప్పు లాంటిదే. నా కలపడంలో అంత ఉప్పు రావడానికి వీల్లేదు. ఎన్నిసార్లు లెక్క వేసినా రాలేదు.

ఎండిన ఆకులు నాలుగు కాగితంలో చుట్టి నర్సరీకి తీసుకెళ్లాను. నర్సరీ ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆకుల్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఎంత వేస్తున్నారమ్మా?"

చెప్పాను. పద్నాలుగు వందల మిల్లీలీటర్లతో సహా చెప్పాను.

"అంత ముద్దుగా పెడితే ఇలా అవదు. ఇది పొడి మందు, పొడి మట్టి మీద చల్లిన పని. మందారం తిండిపోతే, కాదనను. కానీ ఎంత తిండిపోతైనా నోట్లో గుప్పెడు ఉప్పు పోస్తే ఏం చేస్తుంది? మీ ఇంట్లో ఇంకెవరో పెడుతున్నారు. ముందు వాళ్లని పట్టుకోండి."

ఇంటికొచ్చి మందు పొట్లం తూచాను. నేనే కొత్తగా విప్పిన పావుకిలో పొట్లం. నేను వాడింది ఏడు చెంచాలు. సగం పైన ఖాళీ అయింది. మా ఆయన్ని అడిగితే, "నేనెప్పుడైనా బాల్కనీలోకి వెళ్లడం చూశావా?" అన్నాడు. నిజమే, చూడలేదు.

మర్నాడు పొద్దున మామయ్య స్నానం చేసి వచ్చాక, నేను వంటింట్లో పని ఉన్నట్టు నటిస్తూ తలుపు సందులోంచి చూశాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నెమ్మదిగా బాల్కనీలోకి వెళ్లారు. పొట్లం విప్పారు. వాచీ ముల్లుని పట్టుకునేంత జాగ్రత్తగా రెండు వేళ్లతో చిటికెడు పొడి తీసి తొట్టిలో చల్లారు. పొట్లం మడిచి ఎక్కడిదక్కడ పెట్టేశారు.

"మామయ్యా," అన్నాను.

ఉలిక్కిపడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నారు.

"మీరు కూడా వేస్తున్నారా? నేను రోజూ వేస్తున్నాను కదా, రెండు పూటలా. అత్తయ్య చెప్పిందని మీ అబ్బాయి చెప్తే."

మామయ్య నా వైపు తిరిగారు. నవ్వుతారో కోప్పడతారో తెలియలేదు. తర్వాత తొట్టి అంచు మీద చెయ్యి ఆనించి, "రెండు పూటలా అంది దీనికి కాదమ్మా," అన్నారు.

"మరి?"

వేలితో కుడికన్ను చూపించారు.

నాకు వెంటనే బోధపడలేదు. అక్కడే, ఎండ ఇంకా వేడెక్కని బాల్కనీలో, నేలకేసి చూస్తూ ఆయన చెప్పారు. జబ్బు సంగతి, తలుపు దగ్గరికి వేసుకోవడం సంగతి, అన్నీ. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకునే ఆ చెయ్యి తన కంట్లో తను మందు వేసుకోలేదట. సీసా దగ్గరికి రాగానే కన్ను మూసుకుపోతుందట. మొదటి రెండు రోజులూ ప్రయత్నించారు. సీసా సగం చెంపల మీదే ఖాళీ అయింది.

"నన్ను పిలవచ్చు కదా మామయ్యా."

"కొత్తగా వచ్చిన పిల్లవి. నీ ముందు తల వాల్చి, రెప్ప పట్టుకోమని ఎలా అడగను? సిగ్గేసింది. అబ్బాయికేమో ఈ వేసవంతా చీకటితో మొదలై రాత్రిదాకా డ్యూటీ. రెండు నెలలేగా, నొప్పి కూడా లేదుగా అనుకున్నాను."

"అత్తయ్యకి వేశానని చెప్పేవారు."

"అదేనమ్మా. ముప్పై నాలుగేళ్లలో ఆవిడతో అబద్ధం ఆడింది లేదు. ఫోన్లో మందు వేశారా అంటుంది. లేదంటే రైలెక్కి వచ్చేస్తుంది, అక్కడ పిల్లకి నెలలు నిండాయి. అందుకని..." అని ఆగి తొట్టి వైపు చూశారు. "మందు వేసి, వేశాననే చెప్పాను."

ఆయన మొహంలో తప్పు చేసిన పిల్లాడి బెదురు కనిపించింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగి, "సీసా ఎక్కడుంది?" అని అడిగాను.

హాల్లో కుర్చీ వెలుతురుకి జరిపాను. తల వెనక్కి వాల్చమన్నాను. మొదటి చుక్క రెప్ప మీద పడింది. రెండోది చెంప మీద. "బల్ల మీద వాచీ ఉందనుకోండి, భూతద్దం పెట్టుకుంటున్నారనుకోండి," అన్నాను. ఎడమకన్ను మూసుకున్నారు. కుడికన్ను అలవాటుగా తెరుచుకుంది. మూడో చుక్క లోపల పడింది. అప్పటి నుంచి రోజూ ఎడమకన్ను మూసుకునే వేయించుకునేవారు.

ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. తెల్లటి గిన్నె లాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను తెర బయట కూర్చుని మీట చప్పుడు వింటున్నాను. టక్కు, టక్కు, టక్కు. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు.

డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూపించింది. కొత్తదాంట్లో ముక్కు వైపు నల్లగా ఒక మూల. పోయిన ఏడాది కాగితంలో అక్కడ బూడిదరంగు మరకే ఉంది.

"ఇది మళ్లీ రాదా అండీ?" అని నేనడిగాను.

"రాదమ్మా. మిగతాది కాపాడుకోవాలి. ఇక ఒక్క పూట తప్పినా నేను ఊరుకోను," అని మామయ్య వైపు చూసింది.

మామయ్య ఆ నల్లటి మూల మీద వేలు పెట్టి, "ఇటు పక్క నుంచి ఎవరొస్తారు లెండి," అన్నారు. ఆటోలో ఆయన ఎడమకన్ను మూసుకుని, వీధిలో బోర్డులు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. తినడం ఆపి అలాగే కూర్చున్నాడు. "నాన్న కంటి మందు సీసా అల్మరాలో ఉందని నీకు చెప్పమంది అమ్మ. నీకు చెప్పాననే అనుకున్నాను," అన్నాడు. నేను నోరు విప్పితే ఆగనని తెలిసి విప్పలేదు. తను లేచి వెళ్లి వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాడు.

దొరగారికి నర్సరీ ఆవిడ చెప్పిన వైద్యం చేశాను. తెల్లటి పొర గీకేసి, తొట్టి కింద కన్నాలు శుభ్రం చేసి, బకెట్ల కొద్దీ నీళ్లు పోసి మట్టిలోని ఉప్పంతా కడిగేశాను. నెలరోజులు మందు ముట్టలేదు. ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి. మూడో వారంలో కణుపుల దగ్గర పచ్చటి మొనలు కనిపించాయి. వాటిని చూసి సంతోషించాలి నిజానికి. నాకు ఆ మొక్క మీద ఒళ్లు మండిపోయింది. దానికైతే కడిగితే పోయింది.

"బిడ్డ పుట్టేదాకా చెప్పద్దు. వచ్చాక నేనే చెప్పుకుంటాను," అన్నారు మామయ్య. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. ఫోన్లో అత్తయ్య మందు వేస్తున్నావా అని అడిగితే వేస్తున్నానని నిజమే చెప్పేదాన్ని. మామయ్య కొట్టు మూయలేదు. భూతద్దాన్ని ఎడమకంటికి బిగించుకోవడం నేర్చుకుంటున్నారు. అరవై మూడేళ్ల వయసులో, ఒక గంట పనికి మూడు గంటలు పడుతోంది.

అత్తయ్య రావాల్సింది ఒక శనివారం. ఎవరో తెలిసినవాళ్లు కారులో వస్తుంటే ఎక్కి, శుక్రవారం సాయంత్రమే దిగిపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. సంచీ గుమ్మంలోనే దించి, కాళ్లు కడుక్కోకుండా బాల్కనీలోకి నడిచింది.

"ఇదేంటే, దొరగారు ఇలా అయిపోయారు?"

మామయ్య చెప్పుకుంటానన్నారు కాబట్టి నేను ఊరుకోవాలి. కానీ ఆవిడ నా కళ్లలోకి చూస్తూ అడిగితే అబద్ధం ఆడే శక్తి నాకు లేదు. కోడలిగా ఇక ఈ ఇంట్లో నా బతుకు ఇంతే అనుకుంటూ, మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. పద్నాలుగు పూటల లెక్క చెప్పాను. చిటికెడు పొడి సంగతి చెప్పాను. నల్లటి మూల ఎటువైపు ఉందో చెప్పాను.

అత్తయ్య తొట్టి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

"వేశాను అనేవారు," అంది. "రోజూ ఫోన్లో వేశాను, వేశాను అనేవారు. ఎన్నడూ అలా అన్న మనిషి కాదు. వేయించుకున్నాను అనాలి కదా. నీ చేత వేయించుకుంటే వేయించుకున్నాననే అంటారు. నేనెప్పుడు ఊరెళ్లి వచ్చినా, అబ్బాయి చేత వేయించుకున్నాననే చెప్పేవారు. అంత తేడాగా చెప్తుంటే నా చెవులేమయ్యాయి?"

"మీరు పురిటి హడావిడిలో..."

"ఊరుకో. ఎన్నేళ్ల కాపురం," అంది.

బయట గేటు చప్పుడైంది. మామయ్య వచ్చి, చెప్పులు విడిచి, ఎప్పటిలాగే తిన్నగా హాల్లో కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. గుమ్మం పక్కన సంచీ ఆయన చూడలేదు.

"అమ్మాయ్, మందు," అన్నారు.

నేను సీసా తీసుకుని బయల్దేరాను. అత్తయ్య లేచి వచ్చి నా చేతిలోంచి సీసా తీసుకుంది. ఏమండీ అని పిలుస్తుందేమో అనుకున్నాను, పిలవలేదు. తనకి అలవాటైన వైపు, కుర్చీకి ఎడమపక్కన నిలబడి, ఆయన మొహం మీదికి వంగి, బొటనవేలితో కుడిరెప్ప పైకెత్తింది. ఆయన ఎడమకన్ను మూసే ఉంది. కుడికన్ను తెరుచుకుని పైకి చూసింది.

సీసా గాల్లోనే ఉండిపోయింది. చుక్క పడలేదు.

"ఆగిపోయావేంటమ్మా ఇవాళ?" అన్నారు మామయ్య మెల్లగా. "మీ అత్తయ్య రేపు వస్తుందనా? భయపడకు. నిన్నేమీ అనకుండా నేను చూసుకుంటాలే."

అత్తయ్య మొహం ఆయన కంటికి బెత్తెడు దూరంలో, ముక్కు వైపున ఉంది.